ఊడ్వని సజ్జ, చంద్రుడి మట్టి

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం సెమినార్ రిపోర్టులో ఒక్క వాక్యం కలిపి ఉంటే నాకు మంచి మార్కులు వచ్చేవి. కలపలేదు. ఇప్పుడు అడిగినా కలపను. ఎందుకో చెప్పాలంటే చంద్రుడి కంటే ముందు మా గల్లీ గురించి చెప్పాలి.

వరంగల్‌లో మాది నేతపనివాళ్ల వాడ. చాలా ఇళ్లలో చేతిమగ్గాల మీద జంపఖానాలు నేసేవారు. మా బాపు మాత్రం చేతిమగ్గం విప్పేసి, ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి, నాలుగు సాంచెలు పెట్టాడు. సాంచెలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. షెడ్డు తలుపు పడమటి గాలికి వీపు పెట్టి, తూర్పున గల్లీలోకి తెరుచుకునేది. ఎదురుగా ఒక ఇల్లు. నా సైకిల్ అడ్డంగా నిలబెడితే ఇంకొంచెం జాగా మిగిలేంత వెడల్పు గల్లీ. ఆ ఇంటావిడను నేను పెద్దమ్మ అనేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు, వాడలో ప్రతి మనిషికీ ఏదో ఒక వరస ఉంటుంది, అంతే. ఆ వరస ప్రకారం బాపు ఆమెను వదినె అనేవాడు, ఆమె బాపును మరిది అనేది. అంత మర్యాదగా పిలుచుకుంటూ ఇద్దరూ ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు.

కొట్లాట పీచు గురించి. సాంచె ఆడుతుంటే దారాలు ఒకదానికొకటి రాసుకొని సన్నటి పీచు లేస్తుంది. బల్బుల మీద, సాలెగూళ్ల మీద, మనుషుల వెంట్రుకల మీద వాలుతుంది. సాయంత్రానికి బాపు కనుబొమలు ముసలివాడివైపోయేవి. ఆ పీచు గల్లీ దాటి తన ఇంట్లో పడుతోందని పెద్దమ్మ మాట. దాటదని బాపు మాట.

"మరిదీ, ఇయ్యాల పప్పుల నీ దారం దొరికింది. ఇంకొన్ని దినాలు ఆగు, తువ్వాల నేసి నీకే ఇస్త."

"వదినె, వాడల ఇన్ని మగ్గాలున్నయి. నీ పప్పుకు నా దారమే కావాలెనా?"

"రంగు చూస్తె తెల్వదా ఎవనిదో?"

"రంగు చూసి చెప్పెటానికి నువ్వు అద్దకం దుకాణం పెట్టినవా? మా పీచు గడప దాటదు. దానికి బరువుంటది."

ఇంతటితో ఆగేది. మళ్లీ రెండు రోజులకు వడియాల మీదో, పాల మీదో మొదలయ్యేది. పెద్దమ్మ ఇల్లు అద్దంలా ఉంచేది. కానీ ముందు గదిలో, గోడకు ఎత్తున వేసిన బండ సజ్జను మాత్రం ఎన్నడూ ఊడ్వలేదు. చూసినవాళ్లకు వింతగా ఉండేది. నేను ఒకసారి అడిగితే ఆమె చెప్పిన కారణం ఇది: "ఇల్లంత ఊడుస్త. గా సజ్జ ఒక్కటి ఊడ్వ. మీ బాపు లోపటికొచ్చి, కండ్లతోని చూసి, నాదే వదినె అన్నదాక ఊడ్వ."

బాపు ఆ గడప తొక్కలేదు.

ఇక కాలేజీ సంగతి. మాది మెకానికల్. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక విషయం ఎంచుకొని, ముగ్గురు లెక్చరర్ల ముందు నిలబడి మాట్లాడాలి. అందులో తప్పితే ఏడాది పోతుంది. నా తోటివాళ్లు ఎంచుకున్నవి: బాయిలర్లు, టర్బైన్లు, గేర్లు, అతుకుల్లో పగుళ్లు, మళ్లీ బాయిలర్లు. నేను లైబ్రరీలో ఆలస్యంగా వచ్చిన ఒక విదేశీ పత్రికలో అరపేజీ చదివాను. చంద్రుడి నుంచి తెచ్చిన మట్టిలో నత్రజని ఉందట. కొంత సూర్యుడి నుంచి వచ్చి ఉండాలి, కానీ సూర్యుడిని ఒక్కణ్నే లెక్కలో పెడితే పొంతన కుదరడం లేదట. కొంత భూమి గాలి నుంచి వచ్చిందేమోనని కొందరు అనుమానిస్తున్నారట. ఆ అరపేజీ నన్ను వదల్లేదు. మనం పీల్చే గాలి అంత దూరం ఎలా పోతుంది? దాన్నే టాపిక్‌గా రాసి ఇచ్చాను.

సెమినార్లు చూసే సారు మాకు ఉష్ణశాస్త్రం చెప్పేవారు. కాగితం చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏమయ్యా, ఇది మెకానికల్ డిపార్ట్‌మెంటా, పంచాంగం దుకాణమా?"

"గ్యాసుల కదలికే సార్. మీరు చెప్పిన పాఠమే."

"నేను చెప్పింది సిలిండర్‌లో గ్యాసు. సరే, భూమిని వదిలిపోవాలంటే ఎంత వేగం కావాలి?"

"సెకనుకు పదకొండు కిలోమీటర్లు సార్."

"నైట్రోజన్ అణువు సగటు వేగం?"

"ఈ గదిలో అర కిలోమీటరు. బాగా పైన, వేడి ఎక్కువున్న చోట, దాదాపు ఒకటి."

"పదకొండెక్కడ, ఒకటెక్కడ? నీ నోటితోనే ఫెయిలయ్యావు. నెక్కొండలో రైసుమిల్లు బాయిలర్లున్నాయి. ఒకటి చూసిరా, దాని మీద మాట్లాడు, హాయిగా పాసవుతావు."

"టాపిక్ మార్చను సార్."

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకొని, కాగితం వెనక మూడు ప్రశ్నలు రాసి ఇచ్చారు. గాలిని భూమి నుంచి బయటికి లాగేది ఏది? లాగినా, అది చంద్రుడి దాకానే ఎందుకు పోవాలి? పోయినా, అక్కడున్నది మనదేనని ఎలా తెలుస్తుంది? "వీటికి జవాబులుంటే నిలబడు. లేదంటే వచ్చే ఏడాది కూడా నా క్లాసులోనే కూర్చుంటావు," అన్నారు.

ప్రశ్నలు మంచివి. ఆ మాట అప్పుడూ అనుకున్నాను. నాకు కోపం వచ్చింది ప్రశ్నలకు కాదు, జవాబులు ఉండవని ఆయన ముందే తేల్చేసినందుకు.

నా దోస్తు ఒకడు రఘునాథపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. వ్యవసాయం ఇంటివాడు. వాడికి నా మీద నిజంగానే భయం పట్టుకుంది.

"అరే, నీకు దిమాఖ్ ఉన్నదా? మా నాయిన ఎడ్లకు గడ్డేసుకుంట గూడ నా కొడుకు ఇంజనీరైతాండని చెప్తాండు. నేను బాయిలర్ అని రాసిచ్చి సల్లగ పండుకున్న. నువ్వేమో చంద్రునికి గాలి కొడ్తానంటవు. అదేమన్న సైకిల్ ట్యూబా?"

"ట్యూబ్ కాదు. గాలి పోతదా పోదా అన్నదే సంగతి."

"పోతె నీకేం వస్తది?"

"పోదని ఆయనెట్ల అంటడు?"

"ఫెయిలైతె?"

"కాను."

"జర ఆలోచించుకో," అని వాడు నా పళ్లెంలో తన గుడ్డు వేశాడు. ఫెయిలవబోయే మనిషి మీద జాలి.

మొదటి ప్రశ్న దగ్గరే ఇరుక్కుపోయాను. గ్యాసులో అన్ని అణువులూ ఒకే వేగంతో పోవు, కొన్ని సగటు కంటే ఎక్కువ వేగంగా పోతాయి. వాతావరణం అంచున ఉన్న హైడ్రోజన్ చాలా తేలిక కాబట్టి అలా కొద్దికొద్దిగా తప్పించుకుంటుంది. నత్రజని బరువు. ఎన్నిసార్లు లెక్క చేసినా సున్నాకు సున్నా వచ్చింది. సారు చెప్పిందే వచ్చింది.

ఆదివారం ఇంటికి వెళ్లాను. ఎండలు ముదిరాయి. ఎండకాలం నూలు పొడిబారి తెగుతుందని బాపు షెడ్డు నేల మీద నీళ్లు చల్లుతాడు. తడికి పీచు కూడా కొంత అణుగుతుంది. ఆ పూట నల్లా రాక నీళ్లు చల్లలేదు. తలుపు దగ్గర కూర్చొని పీచును చూశాను. ఆగి ఉన్న సాంచె కింద పీచు కుప్పగా పడి ఉంది, కదలడం లేదు. దానంతట అది ఎగిరే శక్తి దానికి లేదు. బాపు చెప్పినట్టు దానికి బరువుంది. ఆడుతున్న సాంచె దగ్గర మాత్రం బెల్టు తిరిగే గాలికి లేస్తోంది, లేచింది వెనక కిటికీ నుంచి వచ్చే వడగాలికి దొరుకుతోంది, ఆ గాలి దాన్ని తలుపు బయటికి పట్టుకుపోతోంది.

అప్పుడు నా తప్పు నాకు కనిపించింది. అణువు దూకగలదా అని మాత్రమే లెక్క చేశాను. దాన్ని మోసుకుపోయేది ఏదైనా ఉందా అని అడగలేదు.

సోమవారం లైబ్రరీలో భూమి అయస్కాంతం మీద ఉన్న లావు పుస్తకం దించాను. మా డిపార్ట్‌మెంట్ వాళ్లెవరూ తీసినట్టు లేదు, పేజీలు అంటుకొని ఉన్నాయి. అందులో తెలిసింది ఇది. చాలా ఎత్తున, సూర్యుడి అతినీలలోహిత కాంతి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఆ క్షణం నుంచి అది మామూలు గ్యాసు కాదు, విద్యుదావేశం ఉన్న కణం. దాని మీద భూమి బరువు ఒక్కటే కాదు, విద్యుత్తు, అయస్కాంతం కూడా పెత్తనం చేస్తాయి. ఎలక్ట్రాన్లు మహా తేలిక, అవి ముందు పైకి పోతాయి. పోతూ పోతూ వెనకున్న కణాలను లాగుతాయి. భూమి నడుము దగ్గర అయస్కాంత రేఖలు వంగి మళ్లీ భూమికే వస్తాయి, కాబట్టి అక్కడ లేచింది అక్కడే చిక్కుకుంటుంది. ధ్రువాల దగ్గర రేఖలు బయటికి తెరుచుకొని ఉంటాయి. అదీ తలుపు. ఆ తలుపు నుంచి పోతున్న ఆక్సిజన్ కణాలను ఉపగ్రహాలు పట్టుకున్నాయి కూడా. ఆక్సిజన్ పోగలిగితే, దాని కంటే కొంచెం తేలికైన నత్రజనికి దారి లేదని ఎవరంటారు?

రెండో జవాబు ఆ పుస్తకంలోనే ఒక బొమ్మలో దొరికింది. సూర్యుడి నుంచి ఎప్పుడూ కణాల గాలి ఒకటి వీస్తుంటుంది. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని పగటివైపు నొక్కి, రాత్రివైపు పొడుగ్గా సాగదీస్తుంది. ఆ తోక చంద్రుడిని దాటి చాలా దూరం పోతుంది. ధ్రువాల దగ్గర బయటపడిన కణాలు కొన్ని ఆ తోక వెంట పారుతాయి. చంద్రుడు తిరుగుతూ నెలకోసారి ఆ తోకలోకి వచ్చి, కొద్ది రోజులుండి పోతాడు. ఆ రోజులు ఏవి? సూర్యుడికి సరిగ్గా అవతలివైపు, భూమికి వెనక ఉండే రోజులు. అంటే పున్నమి, దాని అటూ ఇటూ. మా పీచు కూడా అన్ని ఇళ్లకూ పోదు. మా వెనకింటివాళ్లకు ఒక్క పోగు పోలేదు. గాలి దారిలో ఉన్నది పెద్దమ్మ ఇల్లు.

ఆ నెల పున్నమికి పొద్దుగూకే వేళ ఇంటి దగ్గరే ఉన్నాను. ఎదురింటి కప్పు మీదుగా చంద్రుడు లేచాడు. పెద్దమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయాను.

"పెద్దమ్మా, ఇప్పుడు మన గాలి జర్రంత గా చంద్రుని మీదికి పోతాంది."

ఆమె తలెత్తి చూసింది. "మీ బాపు పీచు గూడనా?"

"పీచు పోదు. గాలే."

"పీచు గూడ పోతది తియ్యి. అక్కడ ఎవ్వలన్న వంట చేసుకుంటాన్రేమో, పాపం."

నవ్వాను. నవ్వు ఆగాక మూడో ప్రశ్న గుర్తొచ్చింది. అక్కడున్నది మనదేనని ఎలా తెలుస్తుంది? సూర్యుడి నుంచి కూడా వస్తోంది కదా. వాడలో ఇన్ని మగ్గాలున్నాయి కదా. సారు అడిగిందీ బాపు అడిగిందీ ఒకటే ప్రశ్న.

"పెద్దమ్మా, నీ సజ్జ ఒకసారి చూడొచ్చా?"

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. "ఇన్నేండ్లకు అడిగినవు. తండ్రి రాకపాయె, కొడుకన్న వచ్చిండు."

స్టూలు మీద నిలబడి, బ్లేడుతో సజ్జ మీది దుమ్మును నిలువునా కోశాను. కేకు ముక్కలా వచ్చింది. అడుగున పొయ్యి మసి. దాని మీద తెల్లటి పొరలు, నడుమ నడుమ మసి, తరువాత ఎర్ర పొరలు, మళ్లీ మసి, అన్నిటికీ పైన ఆకుపచ్చ. బాపు మొదట నేసినవి తెల్ల తువ్వాళ్లు. తరువాత ఎర్ర గళ్లవి. ఇప్పుడు ఆకుపచ్చ లుంగీలు. తలుపు తెరిచి ఉంచే ఎండకాలాల్లో పీచు, మూసి ఉంచే వానకాలాల్లో మసి. మసి ఆమెది. పీచు మాది. ఆకుపచ్చ నూలు ఆ గల్లీలో ఇంకెవరూ వాడలేదు.

చంద్రుడి మీద గాలి లేదు, వాన లేదు, చీపురు లేదు. పడ్డది పడ్డట్టే ఉంటుంది. కణాలు మట్టి రేణువుల పైపొరలో గుచ్చుకొని ఉండిపోతాయి. నత్రజనిలో రెండు రకాలున్నాయి, ఒకటి కొంచెం తేలిక, ఇంకొకటి కొంచెం బరువు. సూర్యుడి నుంచి వచ్చేదానిలో వాటి పాళ్లు ఒకలా ఉంటే, భూమి దానిలో ఇంకోలా ఉండాలి. ఆ పాళ్లే రంగు. రంగు చూస్తే తెలియదా ఎవనిదో.

జవాబు చేతిలో ఉంది. చిక్కు ఒక్కటే. దీన్ని సారు ముందు పెట్టాలంటే, బాపు ఇన్నేళ్లుగా అంటున్నది తప్పని ముగ్గురు లెక్చరర్ల ముందు చెప్పాలి. చెప్పకుండా పట్టుకుపోవడం నాకు ఇష్టం లేదు. నేరుగా షెడ్డులోకి వెళ్లాను. సాంచెల చప్పుడులో అరిచి మాట్లాడాలి.

"బాపూ, ఎదురింట్ల ఉన్న పీచు మనదే."

"ఎవ్వలన్నరు?"

"రంగు."

బాపు సాంచె ఆపాడు. "నువ్వు ఈ ఇంటి కొడుకువా, ఆ ఇంటి కొడుకువా?"

"నాకు కాలేజిల చూపెట్టనీకి కావాలె. లేకుంటె ఏడాది పోతది."

"ఇంజనీరింగుల గిదేనా చెప్పేది? తండ్రి మీద సాక్ష్యం?"

"సాక్ష్యం చంద్రుని మీద. నువ్వు నడిమిట్ల వచ్చినవు."

ఆయన కనుబొమల మీది ఆకుపచ్చ పీచు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతిని కాసేపు చూశాడు. "తీస్కపో," అన్నాడు. "గని మనదని నేను ఒప్పుకోలె. అది యాదుంచుకో." సాంచె మళ్లీ నడిచింది.

సెమినార్ రోజు బోర్డు మీద భూమి, తోక, చంద్రుడు గీశాను. దుమ్ము ముక్కను రెండు గాజు పలకల మధ్య పెట్టి బల్ల మీద ఉంచాను. ముగ్గురూ చేతుల్లోకి తీసుకొని వెలుతురుకు పెట్టి చూశారు. సారు చివర చూసి కింద పెట్టారు.

"ఇది మీ ఇంటి పీచు. చంద్రుడి మీద పీచుందా?"

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నా దోస్తే.

"లేదు సార్. ఊడ్వని మట్టి ఉంది. అందులో ఏ పొర ఎవరిదో పాళ్లను బట్టి చెప్పొచ్చు."

"చెప్పారా?"

"ఇంకా చెప్పలేదు సార్. కొలుస్తున్నారు."

"అంటే రుజువు లేదు."

"రుజువైందని నేను అనలేదు. దారి ఉందన్నాను. దారే లేదన్నది మీరు."

ఆ గదిలో ఎవరూ ఆయనతో అలా మాట్లాడి ఉండరు. ఆయన అరవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. మెత్తగా, దాదాపు ప్రేమగా అన్నారు: "బాగా చదివావు. రిపోర్టు చివర 'ఇదంతా ఊహ మాత్రమే' అని ఒక్క వాక్యం రాయి. మంచి మార్కులు వేస్తాను. అందరికీ గౌరవంగా ఉంటుంది."

"ఏ మెట్టు ఊహ సార్? కాంతికి అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడటమా? ధ్రువాల దగ్గర కణాలు బయటికి పోవడమా? తోక చంద్రుడిని దాటిపోవడమా? పున్నమికి చంద్రుడు అందులో ఉండటమా?"

"అవన్నీ కాదు. మట్టిలో ఉన్నది మనదే అనడం."

"అది ఇంకా తేలలేదని రాస్తాను. రాశాను కూడా, చివరి పేజీలో ఉంది. తేలనిదానికి, ఊహకు తేడా ఉంది సార్. అదంతా ఊహ అని మాత్రం రాయను."

"మార్కులు పోతాయి."

"పోనీయండి సార్."

ఆయన రిపోర్టు మూసి, మిగతా ఇద్దరితో కాసేపు మాట్లాడి, సంతకం చేశారు. పాసయ్యాను. దానికింద ఇంక ఫెయిలే, అంత దగ్గరగా. దోస్తు బయట ఎదురు చూస్తున్నాడు.

"ఏమాయె?"

"పాస్."

"ఎన్ని?"

"నీ బాయిలర్ కంటె చాన తక్కువ."

"ఏడాది పోలె గదా," అని వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇగ ఆ గాలి ఎక్కడికన్న పోనియ్యి."

ఇప్పుడు నా ఉద్యోగం బాయిలర్ల దగ్గరే. పనిలో వాటి మీద నాకు గౌరవమే ఉంది. కానీ పున్నమి వచ్చినప్పుడల్లా, షిఫ్టు దిగి బయటికి రాగానే ఒకసారి పైకి చూస్తాను. ఇంకా కొలుస్తున్నారు. ఇంకా తేలలేదు. నేను రాసింది సరిగ్గా అదే.

సెమినార్ అయిన కొన్ని రోజులకు ఇంటికి వెళ్తే, షెడ్డు తలుపుకు తడి గోనెపట్టా వేలాడుతోంది. పీచు దానికి అంటుకొని పచ్చగా అయింది.

"ఏంది బాపూ ఇది?"

"దోమలకు."

"పట్టపగలు దోమలా?"

"నీకెందుకు? నువ్వు చంద్రుని సంగతి చూసుకో."

గల్లీ అవతల పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది, అన్నీ విన్నది. నేను వెళ్తే లోపలికి పిలిచి స్టూలు వేసింది. సజ్జ మీద నేను కోసిన చోటు అలాగే ఉంది. ఆకుపచ్చ పొర మీద అప్పటికే సన్నగా మసి పట్టింది. మసి ఒక్కటే.

"ఇగ పీచు వస్తలేదు గదా పెద్దమ్మా. ఊడుస్తవా?"

"ఎందుకు ఊడుస్త? ఒప్పుకున్నడా?"

అంతలో బాపు గోనెపట్టా పక్కకు జరిపి గల్లీలోకి తల పెట్టి అన్నాడు: "వదినె, చూసుకో మంచిగ. మా పీచు గల్లీ దాటదు."

గోనెపట్టా కట్టిన నాటి నుంచి ఆ మాట నిజమే. అయినా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"విన్నవా కొడుకా? నాదే అన్నదాక ఊడ్వ."

"ఊడ్వకు పెద్దమ్మా," అన్నాను.